గద్వాల చీర నాలుగు కాలాల పాటు ఉండాలంటే

పాలమూరులో ఫాల్, పీకో కుట్టే దుకాణం నాది. పుట్టిల్లు గద్వాల. మగ్గాల చప్పుడు వింటూ పెరిగాను. గద్వాల చీర ఎవరు తెచ్చినా ముందు దాన్ని తిరగేసి, అంచూ బాడీ కలిసే చోట వేలు పెట్టి చూస్తాను. ఆ చీర ప్రాణం అక్కడే ఉంటుంది.

గద్వాల చీర అంటే ఒకటిగా నేసిన రెండు బట్టలు. బాడీ నూలు, అంచులూ కొంగూ పట్టు. ఇప్పుడు పూర్తి పట్టువీ వస్తున్నాయి గానీ, నేను చెప్పేది పాత పద్ధతి చీర గురించి. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె. బాడీకి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. ప్రతి వరసలోనూ బాడీ పోగు, అంచు పోగు ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. కుట్టు అన్నా, కుప్పడం అన్నా ఇదే. దగ్గరగా చూస్తే సన్నటి కొక్కేలు వరసగా తగులుకున్నట్టు కనిపిస్తుంది. నీళ్లు తగిలితే నూలు దగ్గరపడుతుంది, పట్టు అంతగా పడదు. ఇబ్బందంతా ఈ తేడాలోనే ఉంది.

నా పెళ్లైన కొత్తలో అత్తమ్మ పెట్టిన ఆకుపచ్చ చీరను రాత్రంతా సబ్బుపొడిలో నానబెట్టాను. తెల్లారి చూస్తే ఎర్రంచు రంగు బాడీలోకి దిగింది. ఆరాక అంచు పొడవునా కుచ్చిళ్లు పెట్టినట్టు ముడతలు. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ చీర తీస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

కొత్త చీర కొనగానే మొదటి జాగ్రత్త ఫాల్ దగ్గరే. నూలు ఫాల్‌ను కుట్టే ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. అలా చేయకుండా కుట్టిస్తే మొదటి ఉతుకులో ఫాల్ కుంచించుకుపోయి అంచును లాగేస్తుంది. పండుగ ముందు రోజు వచ్చి గంటలో కావాలంటే నేను కుట్టను. కొంగు వెనక పోగులు వదులుగా ఉంటే పలచటి నెట్ గుడ్డ వేయించుకోండి. మెట్టెలకో గాజులకో తగిలి పోగు లేస్తే కత్తిరించకండి. సన్నటి సూదితో వెనక వైపుకు లాగి వదిలేస్తే చాలు.

మొదటి రెండు మూడు సార్లు డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి. ఆ తర్వాత ఇంట్లో ఉతకాలనుకుంటే, తెల్లగుడ్డను తడిపి అంచు మీద ఒక మూల అద్ది చూడండి. రంగు అంటితే ఆ చీరకు నీళ్లు పనికిరావు, ఎప్పటికీ డ్రై క్లీనింగే. ఉప్పునీళ్లలో ముంచితే రంగు ఆగుతుందని చాలామంది అంటారు. నేను దాన్ని నమ్ముకోను.

రంగు అంటకపోతే పది కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిసికి, పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. పిప్పి మిగిలితే మరక పడుతుంది. మన దగ్గర బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిలో సబ్బు నురగ రాదు, తెల్లటి పొర బట్టకు పట్టుకుంటుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, వాననీళ్లో వాడండి. చీరను ముంచి, నాలుగైదు నిమిషాల్లో చేత్తో మెల్లగా పిసికి తీసేయాలి. నానబెట్టొద్దు, బండకు కొట్టొద్దు, బ్రష్ పెట్టొద్దు, మెలిపెట్టి పిండొద్దు. తెల్ల పంచెలో చుట్టి అదిమితే నీళ్లు వాటంతటవే పోతాయి. తర్వాత నీడలో, తిరగేసి ఆరేయండి. ఇనుప తీగ దండెమైతే దాని మీద ముందు ఒక గుడ్డ పరవండి. తడి చీరకు తుప్పు అంటిందంటే అది వదలదు.

పసుపు మరక గురించి విడిగా చెప్పాలి. పోయిన శ్రావణంలో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చింది. “అక్కా, పసుపు మరకకు సబ్బు రాశాను, రక్తంలా ఎర్రగా అయింది, చీర పోయినట్టేనా?” అంది. పోలేదు. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది చూడండి, అదే సంగతి. సబ్బును మంచినీళ్లతో పూర్తిగా వదిలించి, గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మరక మీద మాత్రం అద్దాను. ఎరుపు పోయి పసుపు మిగిలింది. మరక నూలు బాడీ మీద ఉంది కాబట్టి, మిగతా చీరంతా దుప్పటితో కప్పి ఆ జానెడు చోటుకు మాత్రం పొద్దుటి ఎండ తగలనిచ్చాను. మూడు రోజుల్లో చాలామటుకు తగ్గింది. అదే పట్టు మీద అయితే ఎండ పెట్టేదాన్ని కాదు, మరకతోనే డ్రై క్లీనింగ్‌కు పంపేదాన్ని. నూనె మరకకైతే వెంటనే టాల్కమ్ పౌడర్ చల్లి, రాత్రంతా వదిలి, మెత్తటి గుడ్డతో దులపండి.

ఇస్త్రీ తిరగేసే చేయాలి. బాడీకి కాస్త వేడి కావాలి, అంచుకు అంత పనికిరాదు. అంచు మీద పలచటి నూలుగుడ్డ వేసి, వేడి తగ్గించి చేయండి. పట్టు మీద నీళ్లు చల్లకండి, చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. అతుకు దగ్గర పెట్టెను లాగకుండా, ఎత్తి ఎత్తి ఆనించండి.

కట్టి విప్పాక చెమట ఆరేదాకా నీడలో దండెం మీద వేయండి. సెంటు ఎప్పుడైనా చీర కట్టక ముందే కొట్టుకోవాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది. అసలు జరీలో వెండి ఉంటుంది, వెండికి గంధకం పడదు. అందుకే మడిచిన చీరకు రబ్బరు బ్యాండ్ వేయకండి, రబ్బరులో గంధకం కలిపి ఉంటుంది. బ్యాండ్ పట్టిన చోట నల్లటి గీత పడిన చీరలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

బీరువాలో ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఉతికిన పాత తెల్ల ధోవతిలో చుట్టండి. గంజి పెట్టిన చీరను దాచొద్దు, గంజికి పురుగులు వస్తాయి. కట్టుకునే ముందు పలచటి గంజి బాడీకి మాత్రం అద్దుకుంటే సరిపోతుంది. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు. బాగా ఎండిన వేపాకును చిన్న గుడ్డలో మూటకట్టి, మూలన పెట్టడం నాకు ఇష్టం. మూడు నెలలకోసారి చీర తీసి, గాలికి ఆరేసి, పాత గీత మీద కాకుండా వేరేచోట మడవండి. ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. నేను మడత మార్చిన తేదీని పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి, ధోవతి కొసన గుండుసూదితో గుచ్చుతాను. చీరకు మాత్రం గుచ్చను.