డచ్ మాట ఖెవేస్ట్ దగ్గర తడబడుతున్నారా? వెళ్ళాడా, వెళ్ళొచ్చాడా చూసుకోండి

నెదర్లాండ్స్‌కి వచ్చిన కొత్తలో పక్కింటావిడ మా ఆయన గురించి అడిగితే, బజారుకెళ్ళాడని చెబుదామని "హెయ్ ఇస్ నార్ డె మార్క్ట్ ఖెవేస్ట్" అన్నాను. ఆవిడ "అయితే ఒకసారి పిలుస్తారా" అంది. మనిషేమో ఇంకా బజార్లోనే ఉన్నాడు!

కారణం ఏంటంటే, ఖెవేస్ట్ అనేది 'ఉండు' అనే అర్థమిచ్చే జెయ్న్ క్రియకి పాస్ట్ పార్టిసిపుల్, అంటే జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు వాడే రూపం. జెయ్న్, వస్, ఖెవేస్ట్ అని చదువుతుంటే ఒకదానికొకటి చుట్టరికమే కనిపించదు, ఎందుకంటే వస్, ఖెవేస్ట్ రెండూ వేజెన్ అనే పాత క్రియ నుంచి వచ్చి ఇందులో కలిసిపోయాయి. మన 'కి' లాంటి 'నార్' పక్కన ఖెవేస్ట్ వస్తే, వెళ్ళి తిరిగొచ్చేశాడనే అర్థం.

పరిష్కారం మన తెలుగులోనే ఉంది. 'వెళ్ళొచ్చాడు' అనాలనిపిస్తే ఖెవేస్ట్. 'వెళ్ళాడు, ఇంకా రాలేదు' అయితే 'వెళ్ళు' క్రియకి అలాంటి రూపమే అయిన ఖెఖాన్: "హెయ్ ఇస్ నార్ డె మార్క్ట్ ఖెఖాన్". ఇంగ్లీషు మీదుగా ఆలోచించేకన్నా ఇది చాలా తేలిక, నన్ను నమ్మండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, నిన్న సినిమాకెళ్ళాం లాంటి జరిగిపోయిన కబుర్లలో ఖెఖాన్ కూడా వాడతారు, అక్కడ తిరిగొచ్చిన సంగతి సందర్భాన్ని బట్టే తెలిసిపోతుంది.

"ఇక్ హెప్ ఖెవేస్ట్" అంటే టీచర్ సరిదిద్దుతున్నారా? అది ఇంగ్లీషు 'హావ్ బీన్' అలవాటు. ఖెవేస్ట్‌కి తోడు వచ్చేది 'హావ్' లాంటి హెప్ కాదు, జెయ్న్ రూపమైన బెన్: "ఇక్ బెన్ ఇన్ డెల్ఫ్ట్ ఖెవేస్ట్", అంటే నేను డెల్ఫ్ట్ ఊరికి వెళ్ళొచ్చాను.

ఇంకో చిక్కు, నాకు దీనికే ఎక్కువ రోజులు పట్టింది. ఈతకెళ్ళొచ్చాను అనడానికి "ఇక్ బెన్ ఖెవేస్ట్ జ్వెమెన్" అంటే తప్పు. వెంట ఇంకో క్రియ వచ్చిందంటే ఖెవేస్ట్ తప్పుకుని ఆ పాత వేజెన్ మళ్ళీ బయటికొస్తుంది: "ఇక్ బెన్ వేజెన్ జ్వెమెన్". భోంచేసి వచ్చాం అనాలంటే "వె జెయ్న్ వేజెన్ ఏటెన్".

ఖెవేస్ట్ పలకడంలో కష్టమంతా మొదటి అక్షరంతోనే, అది గొంతులోంచి గరగరమంటూ రావాలి. తర్వాతి 'వే' మాత్రం మన వకారమే, పై పళ్ళు కింది పెదవికి అలా తగిలీతగలనట్టు పలికేది, కాబట్టి ఇంగ్లీషు డబ్ల్యూలా పెదవులు గుండ్రంగా చుట్టకండి.