టాన్సీ ర్యాగ్‌వర్ట్‌ను గుర్తుపట్టాలంటే ముందు ఆకు చూడండి

అమెరికాలో ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల క్యాస్కేడ్ కొండల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా పచ్చిక నిండా పసుపు పూలే. వాటిలో యూరప్ నుంచి వచ్చిపడ్డ విషపు మొక్క టాన్సీ ర్యాగ్‌వర్ట్ ఒకటి. చామంతి కుటుంబమే. పూల రంగును నమ్ముకుంటే తప్పకుండా పొరబడతారు.

మొదటి ఏడాది దీనికి పువ్వుండదు. లోతుగా చీలి, అంచులు ముడతలు పడ్డ ఆకులు నేలకంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. రెండో ఏడాది రెండు మూడు అడుగుల కాడ లేస్తుంది. దాని అడుగుభాగం తరచూ ఊదారంగులో ఉంటుంది. పూలగుత్తి పైన చదునుగా విప్పుకుంటుంది. ఒక్కో పువ్వుకు సాధారణంగా 13 రేకులు, కింద పచ్చని తొడిమపత్రాలకు నల్లటి కొనలు.

పేరు కలిసే మామూలు టాన్సీకి రేకులుండవు, పసుపు గుండీల్లా ఉంటుంది. సెయింట్ జాన్స్ వర్ట్‌కు రేకులు అయిదే. అసలు చిక్కు యారోలీఫ్ గ్రౌండ్‌సెల్‌తో. అది అక్కడి సొంత మొక్క, వాగుల పక్కన తడినేలలో పెరుగుతుంది. దాని ఆకు చీలదు: పొడవాటి త్రికోణం, అంచున రంపపు పళ్లు. దాన్ని పీకితే కొండకే నష్టం.

టాన్సీ ర్యాగ్‌వర్ట్‌లోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషాలు ఆవుల, గుర్రాల కాలేయాన్ని పాడుచేస్తాయి. పచ్చిమొక్క చేదు కాబట్టి పశువులు ఎక్కువగా ముట్టవు. ఎండుగడ్డిలో కలిస్తే ఏరుకోలేవు, ఎండినా విషం పోదు. జబ్బు బయటపడేసరికి వారాలో నెలలో గడిచిపోతాయి.

మీ సొంత నేలలో ఉంటే, కాడ లేచాక, పువ్వు విప్పకముందే, వాన పడి నేల మెత్తబడ్డప్పుడు గ్లవ్స్ వేసుకుని వేరుతో సహా లాగండి. వేరుముక్క మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. కోసేస్తే చావదు, మరుసటి ఏడాది మళ్లీ పూస్తుంది. పూసిన మొక్కను పీకి అక్కడే వదలకండి, పడి ఉన్న పువ్వులోనే గింజ ముదురుతుంది. సంచిలో మూతిబిగించి చెత్తలో వేయండి, కంపోస్టులో కాదు.

నేషనల్ పార్కులో మాత్రం పీకొద్దు. ఆకు, పువ్వు, కాడ మూడూ కనబడేలా ఫోటోలు తీసి, చోటు గుర్తుతో పార్కు సిబ్బందికి పంపండి. మొక్క మీద నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగులు కనిపిస్తే వాటి జోలికి పోకండి. అవి సినబార్ చిమ్మట పిల్లలు, ఈ కలుపును తినడానికే ఆ చిమ్మటను తెచ్చి వదిలారు. అయితే ఆ పురుగు యారోలీఫ్‌నూ తింటుంది, కాబట్టి పురుగును చూసి మొక్కను నిర్ధారించకండి.

గింజలు నేలలో పదేళ్లకు పైగా బతికి ఉంటాయి. పీకిన చోటును ఏటా వసంతంలో చూసి, కొత్తగా పరుచుకున్న ఆకుగుత్తులను వేరుతో తవ్వి తీయండి.