పెరటి పిట్టల ఫొటోలు, 4వ పాఠం: పిట్టగోడ చేసిన మోసం

పోయిన పాఠంలో మసకకు మూడు కారణాలు చెప్పాను. చెయ్యి వణకడం, పిట్ట కదలడం, ఫోకస్ తప్పడం. చెయ్యి వణక్కుండా మిద్దె మీద పిట్టగోడకు మోచేతులు ఆనించి తియ్యమని కూడా నేనే అన్నాను. కొంప మునిగింది అక్కడే. "సార్, షటర్ వేగం 1/2000 సెకను పెట్టినా తేనెపిట్ట ఉడికిన వంకాయ మాదిరే ఉంది" అని గుంతకల్లు నుంచి ఒకాయన రాశాడు. ఇంకొకామె మూడుకాళ్ళ స్టాండే కొనేసింది. అయినా మసక పోలేదట. ఎట్లా పోతుంది? నాలుగో కారణం నేను చెప్పందే.

దాని సంగతికి వచ్చేముందు పాత లెక్క ఒకటి సరిచేయాలి. 300 ఎమ్ఎమ్ లెన్స్‌కు 1/300 సెకను షటర్ వేగం చాలనుకున్నారు చాలామంది. మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి చిన్న సెన్సర్ కెమెరాలు, వాటిలో వణుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా కనిపిస్తుంది. 300ను 1.5తో గుణించండి, 450. అంటే 1/500కు తగ్గకూడదు. అదీ మన చేతి వణుకుకు మాత్రమే. లెన్స్‌లో అదురును ఆపే స్టెబిలైజర్ కూడా మన చేతినే పట్టుకుంటుంది, పిట్ట మెడను పట్టుకోదు. కుదురుగా కూర్చున్న పిగిలిపిట్టకు నేను 1/800 పెడతాను. మునగపూల మీద తేనెపిట్టకైతే 1/1600కు తగ్గను. వెలుగు చాలనప్పుడు పెంచుకునే ఐఎస్ఓను ఆటోలో వదిలేస్తాను, 3200 దాకా పోయినా పట్టించుకోను. ఐఎస్ఓ పెరిగి ఫొటోలో రవ్వలాంటి చుక్కలు పడితే తర్వాత కంప్యూటర్‌లో జల్లించుకోవచ్చు, మసక పడితే ఏ జల్లెడా పనికిరాదు.

ఫోకస్ గురించి ఒక్క మాట. 300 లెన్స్‌తో 3 మీటర్ల దూరంలో, లెన్స్ కన్ను ఎఫ్ 5.6 మేరకు తెరిస్తే, స్పష్టంగా కనిపించే మందం 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ. తేనెపిట్ట పొడవే 10 సెంటీమీటర్లు. కన్ను దొరికితే తోక పోతుంది, పోనీండి. తోక దొరికి కన్ను పోతే ఆ ఫొటో తీసేయండి.

ఇక పిట్టగోడ. పేరులో పిట్ట ఉంది కానీ పిట్టల ఫొటోలకు అంతకంటే పగవాడు లేడు, ఎండెక్కితే. మన అనంతపురం ఎండకు మిద్దె మీది బండలు, గోడ మీది సిమెంటు ఎంత త్వరగా కాలతాయో చెప్పులు లేకుండా ఎక్కినవాళ్ళకు తెలుసు. కాలిన బండ తన మీది గాలిని కాలుస్తుంది. వేడిగాలి పలచబడి పైకి లేస్తుంది, చల్లగాలి సందుల్లోకి దూరుతుంది. ఈ రెండు గాలులూ వెలుగును ఒకేలా వంచవు. పొయ్యి మీదుగా అవతలి గోడను చూస్తే గోడ ఊగినట్టు ఉంటుంది కదా, అదే ఇది. కంటికి తెలియని ఊపును, దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్స్ పెద్దది చేసి చూపిస్తుంది. గోడ మీద మోచేతులు ఆనించారంటే లెన్స్ మూతిని ఆ పొయ్యి మీదే పెట్టినట్టు. నేనూ రెండు వేసవులు అట్లాగే తీసి, లెన్స్ చెడిందని బాగుచేసే దుకాణానికి పట్టుకెళ్ళాను. లెన్స్‌లో ఏమీ లేదప్పా అని వాళ్ళు తిప్పి పంపారు.

గుర్తుపట్టడం ఇట్లా. వరసగా 10 ఫ్రేములు తీసి కెమెరాలోనే పెద్దవి చేసి చూడండి. చెయ్యి వణికితే ఫ్రేములోని ప్రతి అంచూ ఒకే దిక్కుకు సాగి ఉంటుంది. పిట్ట కదిలితే కొమ్మ స్పష్టంగా ఉండి పిట్ట చెదిరి ఉంటుంది. ఫోకస్ తప్పితే ముందరి ఆకో వెనకాకో స్పష్టంగా ఉంటుంది. వేడిగాలి అయితే ఎక్కడా ఏదీ స్పష్టంగా ఉండదు. పైగా తిన్నని కొమ్మ ఒక ఫ్రేములో ఇటు, ఇంకో ఫ్రేములో అటు వంకరపోతుంది. పదింటిలో ఒకటి మాత్రం కాస్త బాగుంటుంది. ఆ ఒక్కటి చూసే మనం మోసపోతాం.

దీనికి షటర్ వేగం మందు కాదు. స్టెబిలైజర్ కాదు, స్టాండ్ కాదు, లక్ష రూపాయల లెన్స్ కూడా కాదు. లక్ష రూపాయల లెన్స్ ఆ ఊపును ఇంకా చక్కగా చూపిస్తుంది, అంతే. చేయగలిగింది మూడే. పొద్దున్నే తీయడం, దగ్గర నుంచి తీయడం, కాలిన జాగా మీదుగా తీయకపోవడం. పక్కింటి రేకుల షెడ్డు మీదుగా అవతలి వేపచెట్టును తీయొద్దు. కూలర్ నడిచే గదిలో కూర్చుని, తెరిచిన కిటికీలోంచి బయటి ఎండలోకి తీయొద్దు. రెండు గాలులూ కిటికీ దగ్గరే కలుస్తాయి. మిద్దె దిగండి. పెరట్లో జామచెట్టు నీడలో మట్టినేల మీద కూర్చోండి. నీళ్ళమూకుడు బండల మీద కాకుండా ఆ నీడలోనే పెట్టండి, పిట్టలే మీ దగ్గరికి వస్తాయి. బండల మీద నీళ్ళు చల్లితే కాసేపు తగ్గుతుంది గానీ, మన ఊళ్ళో ఫొటోల కోసం బిందెలు కుమ్మరిస్తే ఇంట్లో అన్నం పెట్టరు.

అభ్యాసం. ఈసారి పిట్ట వద్దు. పాత దినపత్రిక కాగితం ఒకటి మిద్దె అవతలి కొసన 10 మీటర్ల దూరంలో, బండలకు జానెడు ఎత్తులో అంటించండి. ఇంకొకటి పెరట్లో చెట్టునీడన, అంతే దూరంలో. మీరూ కిందికి కూర్చుని, పొద్దున 6:30 నుంచి 10:30 దాకా అరగంటకోసారి రెండింటికీ తలా 10 ఫ్రేములు తీయండి. మొత్తం 180. 1/2000 మార్చొద్దు, ఎఫ్ 5.6 మార్చొద్దు. వరసలో మొదటి ఫ్రేమును చూడకుండానే పక్కన పెట్టండి, బటన్ నొక్కిన అదురు దానిలో ఉంటుంది. మిద్దె మీది అక్షరాలు ఏ గంటకు ఈదడం మొదలుపెట్టాయో గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మీ మిద్దెకు అదే చివరి గంట. ఈ నెల గంట వచ్చే నెలకు చెల్లదు, ఎండ ముదిరేకొద్దీ అది ఇంకా పొద్దున్నే వచ్చేస్తుంది.

స్టాండ్ కొన్నామె దాన్ని తిరిగి ఇవ్వొద్దు, 6వ పాఠంలో పని ఉంది. మగ తేనెపిట్ట ఫొటోలో బొగ్గుముద్దలా ఎందుకు పడుతుందో వచ్చే పాఠంలో చూద్దాం.