పాత బేరింగ్ మెటల్ కరిగించి మర షాఫ్ట్‌కి మళ్లీ పోసుకోవడం ఎలా

మా ఊళ్లో పిండిమరని బెల్టుతో తిప్పే పొడవాటి ఇరుసుకి, అంటే లైన్ షాఫ్ట్‌కి, ఉన్న బేరింగులు బాల్ బేరింగులు కావు, నాన్న కాలం నాటి వైట్ మెటల్ బేరింగులు, పోతపోసినవి. అందులో ఒకటి అరిగి షాఫ్ట్ ఊగడం మొదలెట్టింది, కొత్త మెటల్ రేటు అడిగితే కళ్లు తిరిగాయి, సరే అని పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికిన పాత బేరింగ్ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకుని నేనే పోశాను. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది, అందుకే రాస్తున్నా.

ముందు ఈ మెటల్ ఏంటో తెలియాలి. దీన్నే బాబిట్ అని కూడా అంటారు, 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన కనిపెట్టాడు. అయితే స్క్రాప్‌లో దొరికే వైట్ మెటల్ అంతా ఒకటి కాదు, రెండు రకాలు ఉంటాయి. ఒకటి తగరం రకం, అంటే దాదాపు 89 శాతం తగరం, మిగతాది ఆంటిమొనీ అనే పెళుసు లోహం, కొంచెం రాగి. రెండోది సీసం రకం, ఇందులో 75 శాతం సీసం, 15 ఆంటిమొనీ, 10 తగరం ఉండేది బాగా వాడతారు. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి, కొట్టువాడు రెండూ ఒకే రేటుకి ఇచ్చేస్తాడు, తగరం రకం దొరికితే మీ అదృష్టం. అమెరికాలో ఇదే మెటల్‌ని సీసంలో కలిపి బుల్లెట్లు పోసుకునేవాళ్లు ఉన్నారు, అక్కడ అదో హాబీ, మన దగ్గర మాత్రం లైసెన్స్ లేకుండా అలాంటి పని 1959 ఆయుధాల చట్టం కింద నేరం, కాబట్టి మనకి ఇది మర బేరింగుకే.

ఏ రకమో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు, గ్రాములు చూపించే ఎలక్ట్రానిక్ కాటా చాలు. ముక్కని తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి రీడింగ్ సున్నా చేసి, ముక్కకి దారం కట్టి అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీస్తే కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ముక్క ఘనపరిమాణం అన్ని సీసీలు, మొదటి బరువుని దాంతో భాగించండి. 740 గ్రాముల ముక్కకి 100 వస్తే 7.4, అది తగరం రకం. 9.7 నుంచి 10 దాకా వస్తే సీసం రకం. 11 దాటితే దాదాపు ఉత్త సీసమే, బేరింగుకి మెత్తన. చిక్కంతా 7.1 దగ్గర వచ్చేదాంతోనే, అది జింక్ కావచ్చు, జింక్ ఒక్క ముక్క పడినా మొత్తం పోత గంజిలా తయారై పనికిరాదు. అనుమానం ఉంటే ఆ ముక్క మీద ఒక చుక్క బాత్రూం యాసిడ్ వెయ్యండి, జింక్ అయితే బుసబుసా పొంగుతుంది, తగరం అంత హడావుడి చెయ్యదు. రెండు రకాలూ కలపొద్దు, పాత బ్యాటరీ ప్లేట్లు అస్సలు వెయ్యొద్దు, వాటి మడ్డికి తడి తగిలితే విషవాయువులు వస్తాయి.

ఎంత కావాలో లెక్క వేసుకోండి. నా షాఫ్ట్ 50 మిల్లీమీటర్లు, బేరింగ్ పొడవు 100, మెటల్ మందం 8. లెక్క కడితే సుమారు 146 సీసీలు, సీసం రకమైతే 1.4 కిలోలు, తగరం రకమైతే 1.1 కిలోలు. రెండు కిలోలు కరిగించుకోండి, పోస్తుండగా మెటల్ చాలకపోతే అతుకు వేస్తే నిలవదు.

ఇప్పుడు ప్లమ్మర్ బ్లాక్, అంటే బేరింగ్ కూర్చునే రెండు సగాల ఇనప దిమ్మ, మా మేస్త్రీలు ప్లంబర్ బ్లాక్ అనే అంటారు లెండి. పాత మెటల్ ఉలితో కొట్టి తీసేసి, లోపల గాళ్లూ చిల్లులూ నూనె లేకుండా డీజిల్‌తో కడిగి బాగా ఆరబెట్టాలి, కొత్త మెటల్ పట్టు అంతా ఆ గాళ్లలోనే. షాఫ్ట్‌ని మిగతా బేరింగులతో ఒకే లైన్లో దారం కట్టి, లెవెల్ చూసి, చెక్క దిమ్మెల మీద కదలకుండా నిలబెట్టండి. షాఫ్ట్‌కి మెటల్ అంటుకోకుండా బుడ్డిదీపం మసి పట్టించండి. రెండు చివర్లా మూయడానికి మట్టి వాడతాం కదా, దాన్ని నీళ్లతో కలపొద్దు, నూనెతో కలపండి. గాలి పోవడానికి ఒక పక్క చిన్న సందు వదలండి.

నేను మొదటిసారి చెడగొట్టింది ఎక్కడంటే, మెటల్ సరిగ్గానే కరిగింది కానీ బ్లాక్ చల్లగా ఉంది, పోసీ పొయ్యగానే పొరలు పొరలుగా గడ్డకట్టి మధ్యలో చీలిక వచ్చింది. బ్లాకునీ షాఫ్ట్‌నీ గ్యాస్ టార్చి మంటతో 100 నుంచి 150 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి, నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోవాలి. ఆ వేడికి తడి కూడా పోతుంది, అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే కరిగిన మెటల్ కింద ఒక్క నీటిబొట్టు ఉన్నా ఆవిరై మెటల్‌ని మొహం మీదకి చిమ్ముతుంది. గరిటె కూడా ముందే వేడి చేసుకోండి, తర్వాత వేసే ముక్కలు కూడా.

కరిగించడం ఆరుబయటే, మందపాటి ఇనప మూకుట్లో, అల్యూమినియం గిన్నె వద్దు. కళ్లద్దాలు, లెదర్ గ్లౌజులు, బూట్లు, నిండుచేతుల నూలు చొక్కా, పిల్లలు దగ్గర్లో ఉండకూడదు. సీసం రకం 240 డిగ్రీల దగ్గర మెత్తబడి 270కి పూర్తిగా నీరవుతుంది, 340 దగ్గర పొయ్యాలి. తగరం రకం కూడా 240కే మొదలవుతుంది కానీ పూర్తిగా కరగడానికి 350 దాటాలి, పోసేది 420 దగ్గర. మల్టీమీటర్‌తో పాటు వచ్చే థర్మోకపుల్ వైరు, అంటే వేడి కొలిచే వైరు, ఇంత వేడికి సరిపోతుందో లేదో దాని మీద చూసుకోండి, చాలకపోతే వేరే ప్రోబ్ కొనండి. మధ్యలో పైన బూడిదరంగు ముద్దలా తేలుతుంది, కొత్తవాళ్లు అది చెత్త అనుకుని తీసి పారేస్తారు, కానీ అందులోనే ఆంటిమొనీ, తగరం ఎక్కువ ఉంటాయి, బేరింగ్ గట్టిదనం అదే. వేడి పెంచి కలపండి, కలిసిపోతుంది. తర్వాత గోళీకాయంత కొవ్వొత్తి మైనం వేసి కలిపితే భగ్గున మండుతుంది, దూరంగా ఉండండి, అప్పుడు పైన మిగిలే పొడిపొడి మడ్డి మాత్రమే తియ్యాలి.

పోసేటప్పుడు ఒకే పక్క నుంచి, ఒకే ధారగా, ఆపకుండా. మొత్తం పని కొన్ని సెకన్లే. కింది సగం ముందు, అది ఆరాక మధ్యలో షిమ్ములు, అంటే పల్చటి రేకు ముక్కలు, పెట్టి పై సగం.

చల్లారాక అసలు ఓపిక పని ఉంది, స్క్రేపింగ్. షాఫ్ట్‌కి పల్చగా బ్లూ, అంటే మేస్త్రీలు వాడే నీలం రంగు పేస్టు, రాసి తిప్పితే ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుతుంది, అక్కడే గీకాలి, మళ్లీ తిప్పాలి, మళ్లీ గీకాలి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. నీలం చుక్కలు అంతటా సమానంగా రావాలి. సందు షాఫ్ట్ సైజులో వెయ్యో వంతు లెక్కన 50కి 0.05 మిల్లీమీటర్లు, షిమ్ములతో సరిచేసుకోండి. నూనె గాడి పై సగంలోనే చెక్కండి, అంచుల దాకా తీసుకెళ్లొద్దు, బరువు పడే అడుగు భాగంలో చెక్కితే నూనె పొర నిలవదు.

పిండిమరకి వెళ్లే బెల్టు వెయ్యకుండా, నూనె పోసి షాఫ్ట్‌ని ఒట్టిగా అరగంట తిప్పండి. షాఫ్ట్ ఆపి బ్లాక్ మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి నిలవనంత వేడెక్కితే ఒక షిమ్ము కలిపి సందు పెంచండి. ఆ మూకుడు మళ్లీ వంటింట్లోకి రాకూడదు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బీడీ అయినా టీ అయినా. తీసిన మడ్డిని పొడి డబ్బాలో వేసి గట్టిగా మూత పెట్టండి, పశువుల పాక పక్కన మాత్రం పారెయ్యొద్దు, గేదెలు నాకితే సీసం విషానికి చచ్చిపోతాయి.