స్టేటస్ ఉన్నా మంచి సీటు చేజారకుండా: అమెరికా ఎయిర్‌లైన్స్ కొత్త నిబంధనల్లో ఏం చూసుకోవాలి

వారం వారం క్లయింటు ఊరికి విమానంలో వెళ్లొచ్చే ఐటీ ఉద్యోగికి స్టేటస్ (ఎక్కువగా ప్రయాణించేవారికి ఎయిర్‌లైన్ ఇచ్చే సిల్వర్, గోల్డ్ లాంటి మెట్టు) విలువ సీటు దగ్గరే తెలుస్తుంది. లౌంజ్‌లో అరగంట కూర్చున్నా, కూర్చోకపోయినా పెద్ద తేడా లేదు. నాలుగు గంటల ప్రయాణంలో మోకాళ్లు ముందు సీటుకు ఒరుసుకుంటుంటే మాత్రం దిగేసరికి నడుము పట్టేస్తుంది. అమెరికా సంస్థలు ఈమధ్య లాయల్టీ ప్రోగ్రాములను మార్చిన తీరు ఎక్కువగా ఈ సీటు దగ్గరే తగిలింది. చాలామంది గమనించకపోవడానికి కారణం ఏమిటంటే, కార్డు మీద గోల్డ్ అన్న పేరు అలాగే ఉంది. మారింది ఆ గోల్డ్ దక్కడానికి పెట్టాల్సిన ఖర్చు.

నిబంధనలు మారాయని మెయిల్ వచ్చినప్పుడల్లా నాలుగు సంగతులు వెతకండి. ఉచిత సీటు మీకు ఎప్పుడు తెరుచుకుంటుంది? ఏ రకం టికెట్‌కు వర్తిస్తుంది? బుకింగ్‌లో ఉండాల్సిన నంబరు ఏ ప్రోగ్రాముది? మీతోపాటు ఇంకెందరికి వస్తుంది? ఈ నాలుగూ తేలాక మిగతా పేజీలు తీరిగ్గా చదువుకోవచ్చు.

ముందు లెక్క: ఏ మెట్టు మీద ఆగుతారు

యునైటెడ్‌తో మొదలుపెడదాం. 2024లో సిల్వర్‌కు 4,000 పీక్యూపీ (స్టేటస్ కోసం లెక్కపెట్టే పాయింట్లు), 12 ఫ్లైట్లు కావాల్సి వచ్చేది. గోల్డ్‌కు 8,000, 24 ఫ్లైట్లు. ప్లాటినమ్‌కు 12,000, 36 ఫ్లైట్లు. 2025లో ఇవి వరుసగా 5,000–15, 10,000–30, 15,000–45 అయ్యాయి. యునైటెడ్ ఇచ్చిన టికెట్ మీద పీక్యూపీ డాలరుకు ఒకటి చొప్పున వస్తుంది, అదీ మూల ధర మీద, సంస్థ వేసే సర్‌చార్జీ మీద మాత్రమే. ప్రభుత్వ పన్నులు లెక్కలోకి రావు. క్రెడిట్ కార్డు బిల్లులో కనిపించే మొత్తాన్ని కూడుకుంటూ పోయి, డిసెంబరులో కొన్ని వందలు తక్కువ పడి చేతులు కాల్చుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఈ-టికెట్ రసీదులో ‘ఫేర్’ వరుసలో ఉన్న అంకెనే కూడండి.

ఒక లెక్క వేద్దాం. ఏడాదిలో 40 వారాలు ప్రయాణం, రానుపోను మూల ధర 300 డాలర్లు, అన్నీ నాన్‌స్టాప్ ఫ్లైట్లు. మొత్తం 12,000 పీక్యూపీ, 80 ఫ్లైట్లు. ఇదే ప్రయాణం 2024లో ప్లాటినమ్ తెచ్చేది, 2025లో గోల్డ్ దగ్గర ఆగిపోతుంది. ఒంటరిగా వెళ్లేటప్పుడు తేడా తెలియదు, ఎందుకంటే ఎకానమీ ప్లస్ (కాళ్లకు జాగా ఎక్కువుండే) సీటు ఈ రెండు మెట్లకూ బుకింగ్ రోజే ఉచితం. కుటుంబంతో బయల్దేరినప్పుడు తెలుస్తుంది. ప్లాటినమ్‌కు అదే బుకింగ్‌లో ఉన్న మరో ఎనిమిది మందికి ఆ సీట్లు ఉచితం. గోల్డ్‌కు మరొక్కరికే. నలుగురున్న ఇంట్లో ఇద్దరు ముందు వరుసల్లో, ఇద్దరు వెనకాల అయిపోతారు.

2024లో సరిగ్గా 8,000తో గోల్డ్ తెచ్చుకున్నవారి పరిస్థితి ఇంకా కష్టం. అదే ఖర్చు 2025లో సిల్వర్ మాత్రమే ఇస్తుంది. సిల్వర్‌కు ఎకానమీ ప్లస్ చెకిన్ తెరిచాకే, అంటే బయల్దేరడానికి 24 గంటల ముందు మాత్రమే దొరుకుతుంది. అప్పటికి ఆ వరుసల్లో కిటికీ సీట్లు, ఐల్ సీట్లు పైమెట్ల వాళ్లు, డబ్బు కట్టినవాళ్లు తీసేసుకుని ఉంటారు. ఎక్కువగా మిడిల్ సీట్లే మిగులుతాయి. కాళ్ల దగ్గర మూడు నాలుగు అంగుళాల కోసం ఇద్దరి మధ్య ఇరుక్కోవడం కంటే, బుకింగ్ రోజే మామూలు ఐల్ సీటు పట్టుకుని, 24 గంటల ముందు ఒకసారి చూసి, మెరుగైనది ఉంటేనే మారడం మంచిది.

2025లో సంపాదించిన స్టేటస్ 2027 జనవరి 31 వరకు నడుస్తుంది. అందుకే మెట్టు జారిన సంగతి జారిన ఏడాదే తెలియదు. అక్టోబరు మొదటి వారంలో కూర్చుని ఆ ఏడాది మిగిలిన ప్రయాణాలన్నీ రాసి కూడండి. కొద్దిగా తక్కువ పడితే, అదనంగా పెట్టే ఖర్చునీ, వచ్చే ఏడాది ఎన్ని ఫ్లైట్లలో మీరే డబ్బు కట్టి ఆ సీటు కొనాల్సి వస్తుందో ఆ మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాజెక్టు రిమోట్‌గా మారే సూచన ఉంటే మాత్రం స్టేటస్ కోసం ఒక్క డాలరు కూడా పెట్టొద్దు.

అమెరికన్‌లో లెక్క వేరు. 2022 నుంచి అక్కడ లాయల్టీ పాయింట్లే కొలమానం, ఏడాది మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివర ముగుస్తుంది. గోల్డ్‌కు 40,000, ప్లాటినమ్‌కు 75,000, ప్లాటినమ్ ప్రోకు 1,25,000, ఎగ్జిక్యూటివ్ ప్లాటినమ్‌కు 2,00,000. స్టేటస్ లేనివారికి డాలరుకు 5, గోల్డ్ వచ్చాక డాలరుకు 7. అంటే టికెట్ల మీదే వెళ్తే మొదటి 8,000 డాలర్లకు గోల్డ్, ఆపై మరో 5,000 డాలర్లకు ప్లాటినమ్. సీటు దృష్టితో చూస్తే ఈ రెండో అడుగే ముఖ్యం. గోల్డ్‌కు ప్రిఫర్డ్ సీటు బుకింగ్ రోజే ఉచితమైనా, లెగ్‌రూమ్ ఎక్కువుండే మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా మాత్రం చెకిన్ దాకా ఆగాలి. ప్లాటినమ్‌కు అది బుకింగ్ రోజే. ప్రిఫర్డ్ అంటే క్యాబిన్ ముందు భాగంలోనో, అనువైన చోటో ఉండే మామూలు సీటు, కాళ్లకు జాగా అదనంగా ఉండదు. ఈ రెండు పేర్లనూ ఒకటిగా అనుకుని మోసపోవద్దు.

డెల్టా 2024 నుంచి మైళ్లను పక్కనపెట్టి ఖర్చునే, అంటే స్టేటస్ లెక్కలోకొచ్చే డాలర్లయిన ఎంక్యూడీలనే, కొలుస్తోంది. 2023 సెప్టెంబరులో ప్రకటించిన అంకెలకు గట్టి వ్యతిరేకత రావడంతో అక్టోబరులో తగ్గించింది. సిల్వర్ 5,000, గోల్డ్ 10,000, ప్లాటినమ్ 15,000, డైమండ్ 28,000 దగ్గర నిలిచాయి. కంఫర్ట్ సీటు (డెల్టాలో లెగ్‌రూమ్ ఎక్కువుండేది) డైమండ్, ప్లాటినమ్‌లకు టికెట్ కొన్న కాసేపటికే ఖాళీని బట్టి వస్తుంది, గోల్డ్‌కు 72 గంటల ముందు నుంచి, సిల్వర్‌కు 24 గంటల ముందు నుంచి. ఇక్కడ తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. యాప్‌లో మీ ట్రిప్ తెరిచి, అప్‌గ్రేడ్ రిక్వెస్ట్‌లో సీటు ఇష్టాన్ని కిటికీ లేదా ఐల్ అని పెట్టి, మిడిల్ వద్దని చెప్పండి. అది పెట్టకపోతే, మీరు ఏరికోరి పట్టుకున్న ఐల్ సీటు నుంచి తీసి కంఫర్ట్ మిడిల్‌లో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

సౌత్‌వెస్ట్ 2026 జనవరి 27 నుంచి ఎవరి సీటు వారికి ముందే ఇచ్చే పద్ధతికి మారింది. ముందు ఎక్కి నచ్చిన చోట కూర్చునే రోజులు పోయాయి. అక్కడి పైమెట్టు ఎ-లిస్ట్ ప్రిఫర్డ్‌కు ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ సీటు బుకింగ్ రోజే. దాని కింది మెట్టు ఎ-లిస్ట్‌కు 48 గంటల ముందు.

టికెట్ రకం

కంపెనీ ట్రావెల్ పోర్టల్‌లో చవకగా కనిపించే మొదటి ధర బేసిక్ ఎకానమీ (సౌకర్యాలు తగ్గించిన చవక టికెట్) అయ్యే అవకాశం ఎక్కువ. యునైటెడ్‌లో ఆ టికెట్ మీద ప్రీమియర్ (స్టేటస్ ఉన్న) సభ్యులకు కూడా ఎకానమీ ప్లస్ ఉచితంగా రాదు. డెల్టాలో దాని పేరు ఇప్పుడు మెయిన్ బేసిక్. అప్‌గ్రేడ్లు ఉండవు, మైల్స్ రావు, ఎంక్యూడీలూ రావు. అమెరికన్‌లో స్టేటస్ సీటు హక్కులను బేసిక్ టికెట్ మీద కూడా వాడుకునే వీలు 2020లో ఇచ్చారు. కానీ 2025 డిసెంబరు 17 నుంచి కొన్న బేసిక్ టికెట్లకు మైల్స్, లాయల్టీ పాయింట్లు రావు. ఈ ఏడాది సీటు దక్కినా వచ్చే ఏడాది స్టేటస్ కరిగిపోతుంది. కంపెనీ పాలసీ మామూలు ఎకానమీకి ఒప్పుకుంటే బేసిక్ వైపు వెళ్లనే వద్దు.

నంబరు, పేరు

యాప్‌లో సీటు మ్యాప్ తెరిచినప్పుడు మీకు ఉచితం కావాల్సిన సీటు మీద డాలర్లు కనిపిస్తే, ముందు బుకింగ్‌లో ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు ఉందో లేదో చూడండి. కంపెనీ ట్రావెల్ పోర్టల్ ప్రొఫైల్‌లో పాత నంబరో, వేరే సంస్థ నంబరో ఉంటే ప్రతి బుకింగ్‌కూ అదే వచ్చి కూర్చుంటుంది. ప్రొఫైల్‌లోనే సరిచేయండి, ఒక్కో ట్రిప్‌లో కాదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. టికెట్ ఆ రూపంలో ఉండి, లాయల్టీ ఖాతా మాత్రం పేరు, ఇంటిపేరు విడివిడిగా ఉంటే సిస్టమ్ నంబరును ఒప్పుకోదు, లేదా ఒప్పుకున్నా పాయింట్లు జమ కావు. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టు సరిచేయించుకున్నవారు లాయల్టీ ఖాతాలో కూడా మార్పించుకోవాలి. దానికి పత్రం కాపీ అడుగుతారు, పని పూర్తవడానికి రోజులు పడుతుంది. టికెట్ కొనక ముందే ముగించండి.

అమ్మానాన్నలు, పిల్లలు

స్టేటస్ లేని కుటుంబ సభ్యులకు మీ సీటు సౌకర్యం రావాలంటే అందరూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. మీ టికెట్ కంపెనీ పోర్టల్‌లో, వాళ్లది మీ కార్డు మీద కొంటే రెండు పీఎన్‌ఆర్‌లు అవుతాయి. తర్వాత ఫోన్ చేసి ‘లింక్’ చేయించినా అది గుర్తు కోసం రాసే నోటు మాత్రమే, సీటు హక్కు దానితో రాదు.

జాగా ఎక్కువని పెద్దవాళ్లకు ఎగ్జిట్ రో ఎంచకండి. అమెరికా విమానయాన నిబంధన ప్రకారం అక్కడ కూర్చునేవారికి 15 ఏళ్లు నిండి ఉండాలి, తలుపు తీసే శక్తి ఉండాలి, సిబ్బంది ఇచ్చే సూచనలు అర్థం చేసుకోగలగాలి. కాదనిపిస్తే చివరి నిమిషంలో లేపి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతారు. గోడకు ఎదురుగా ఉండే మొదటి వరుస కూడా అందరికీ నప్పదు. ట్రే చేతిరెస్టులో ఉంటుంది కాబట్టి అది పైకి లేవదు, మందుల సంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ వెనక వరుసలో ఐల్ సీటే నయం.

పిల్లల పక్కన కూర్చోవడానికి స్టేటస్ ఖర్చు చేయనక్కర్లేదు. 13 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు తోడున్న పెద్దవారి పక్కనే అదనపు రుసుము లేకుండా సీటిస్తామని అమెరికన్, అలాస్కా, ఫ్రాంటియర్ సంస్థలు 2023లోనే కొన్ని షరతులతో హామీ ఇచ్చాయి.

హైదరాబాద్ ప్రయాణానికి

ఇక్కడ ఏ అలయన్స్ (ఎయిర్‌లైన్ల కూటమి) అన్నదే తేల్చేస్తుంది. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉన్న వన్‌వరల్డ్‌లో రూబీ, సఫైర్, ఎమరాల్డ్ మెట్లు మూడింటికీ సీటు ముందుగా ఎంచుకునే సౌకర్యం అలయన్స్ హామీల్లోనే ఉంది. యునైటెడ్ ఉన్న స్టార్ అలయన్స్ గోల్డ్‌లో లౌంజ్, అదనపు లగేజీ, ముందు బోర్డింగ్ ఉన్నాయి, సీటు లేదు. యునైటెడ్ గోల్డ్ ఉన్నంత మాత్రాన ఎయిరిండియాలోనో, లుఫ్తాన్సాలోనో లెగ్‌రూమ్ సీటు ఉచితమని ఆశ పెట్టుకోవద్దు.

డల్లాస్ నుంచి లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో వెళ్తే, అమెరికన్ గోల్డ్ అంటే రూబీ, ప్లాటినమ్ అంటే సఫైర్. రూబీకి ప్రయాణానికి 7 రోజుల ముందు, సఫైర్‌కు బుకింగ్ రోజే సీటు ఉచితం. అమెరికన్ ఇచ్చిన ఆరక్షరాల కోడ్ బ్రిటిష్ సైట్‌లో పనిచేయకపోవచ్చు, దానికి వేరే కోడ్ ఉంటుంది. ట్రిప్ వివరాల్లో కనిపించకపోతే ఫోన్ చేసి అడిగి రాసుకోండి.

బ్రిటిష్ సొంత ప్రోగ్రాములో చేరాలా అని తటపటాయించేవారికి: 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పౌండు ఖర్చుకు ఒక టియర్ పాయింటు (స్టేటస్ పాయింటు), సిల్వర్‌కు 7,500 కావాలి. అమెరికాలో ఉండి ఏడాదికి ఒకసారి ఇంటికొచ్చేవారికి అది గిట్టుబాటు కాదు. అమెరికన్ నంబరే పెట్టుకోండి.

సీటు తీసుకున్నాక

పట్టుకున్న సీటు చివరిదాకా నిలుస్తుందన్న హామీ లేదు. విమానం రకం మారితే సిస్టమ్ పాత మ్యాప్‌లోని సీట్లను కొత్త మ్యాప్‌లోకి తనే సర్దుతుంది. నిన్నటి లెగ్‌రూమ్ వరుస ఇవాళ మామూలు వరుస కావచ్చు. ఫ్లైటు వేళ మారినా, కనెక్షన్ పోయి వేరే ఫ్లైటు ఇచ్చినా అంతే. సీటు ఖరారైన స్క్రీన్ ఫొటో దాచుకుని, వారం ముందు, 72 గంటల ముందు, 24 గంటల ముందు మ్యాప్ తెరిచి చూడండి. మారినట్టు కనిపించిన క్షణంలోనే యాప్ చాట్‌లో రాయండి. గేటు దగ్గరికి వెళ్లి అడిగే నాటికి ఏజెంటు చేతిలో సీట్లు మిగలవు.

స్టేటస్ మీద వచ్చిన సీటు పోతే డబ్బేమీ వెనక్కి రాదు. మీరు డబ్బు కట్టి కొన్న సీటు ఇవ్వకపోతే మాత్రం ఆ రుసుము తిరిగివ్వాలని అమెరికా రవాణా శాఖ 2024 నిబంధన చెబుతోంది. సీటు రసీదు టికెట్ రసీదుకు వేరుగా మెయిల్‌లో వస్తుంది, దాన్ని తీసేయకండి. రీఫండ్ ఫారమ్‌లో అడిగేది ఆ రసీదు నంబరే.