ముట్టు ఆగే వయసు ఇబ్బందులు ఓపీ చీటీ మీదికి ఎక్కాలంటే

నేను నల్గొండ జిల్లాలో ఏఎన్‌ఎంని. బీపీ పట్టీ చుట్టేలోపు ఆడవాళ్లు నాతో అన్నీ చెప్తారు. "అక్కా, మెడ కాడికెల్లి నెత్తిదాక సెగ కొడ్తది. రాత్రి జాకెట్ తడిసిపోతది. ఊకెనే కోపమొస్తది." అదే మనిషి డాక్టర్ ముందు కూర్చోగానే "పానం బాగలేదు సార్" అంటుంది. చీటీ మీద నీరసం, ఒళ్లు నొప్పులు అని పడుతుంది, చేతికి బీ కాంప్లెక్స్ బిళ్లలొస్తాయి. బయట అంత లైనుంటే డాక్టర్ మాత్రం ఎంతసేపు గుచ్చిగుచ్చి అడుగుతారు? మనమే సిద్ధమై వెళ్లాలి.

చివరి ముట్టు ఎప్పుడొచ్చిందో ముందు చెప్పండి. తేదీ గుర్తులేకపోతే "చెర్వుగట్టు జాతరకు ముందు" అన్నా చాలు, నెల తెలుస్తుంది. వరుసగా 12 నెలలు రాకపోతేనే ఆగిపోయినట్టు లెక్క. కానీ సెగలు, నిద్ర పట్టకపోవడం అంతకు కొన్నేళ్ల ముందే మొదలవ్వొచ్చు. ముట్టు ఇంకా వస్తోంది కదా అని దాచుకోవద్దు.

గర్భసంచి ఆపరేషన్ అయిందా? అండాశయాలు కూడా తీశారా లేదా అన్నది అసలు సంగతి. అండాశయాలు రెండూ తీసేస్తే ఈ బాధలన్నీ కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా మీద పడొచ్చు. చాలామందికి ఏం తీశారో తెలియదు (చెప్పేవాళ్లూ తక్కువే). బీరువాలో చీరల కింద పెట్టిన డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్లండి.

"వేడి చేసింది" అంటే ఎండకు అనుకుంటారు. రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు, దానివల్ల ఏ పని ఆగిందో చెప్పండి. "పత్తి ఏరుతుంటే సెగ కొట్టి రెండుసార్లు గట్టు మీద కూసున్న" అంటే బాధ ఎంతో అర్థమవుతుంది. గుండె దడ ఉంటే అదీ చెప్పండి. థైరాయిడ్, రక్తహీనతల్లోనూ దడ వస్తుంది కాబట్టి పరీక్ష రాస్తే చేయించుకోండి.

యోని పొడిబారి మంట, భర్తతో కలిసినప్పుడు నొప్పి, దగ్గితే మూత్రం పడటం... వీటికీ మందులు, వ్యాయామాలు ఉన్నాయి. మగ డాక్టర్‌తో చెప్పలేకపోతే నర్సుతో చెప్పి రాయించండి. 2023 మార్చి 8న మొదలైన తెలంగాణ ప్రభుత్వ 'ఆరోగ్య మహిళ' కార్యక్రమంలో మంగళవారం ఆడవాళ్ల కోసమే పెట్టారు. ముట్టు ఆగే వయసు ఇబ్బందులూ అందులో ఉన్నాయి. మీ దవాఖానలో ఎప్పుడు చూస్తారో ఆశా కార్యకర్తను అడగండి.

ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే, ఒక్క చుక్కైనా, మంగళవారం దాకా ఆగొద్దు. వెంటనే వెళ్లి మొదటి మాటగా అదే చెప్పండి.

లేచే ముందు "ఏం రాసిన్రు సార్?" అని అడగండి. సెగల మాట లేకపోతే రాయించుకోండి.