వేసవి సెలవుల్లో క్యాంపస్ వెల్డింగ్ పనులు: నిప్పు అంటుకోకుండా చేయించడం ఎలా

వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలేజీల్లో కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు, కూలర్ స్టాండ్లు, నీళ్ల ట్యాంకు స్టాండ్లు, రేకుల షెడ్ల పనులు చాలావరకు మే నెల కోసం ఆగుతాయి. పిల్లలు ఊళ్లకు పోయి హాస్టల్ ఖాళీ అవుతుంది, పని చకచకా సాగుతుంది. నిప్పుకు కూడా అదే అనువైన కాలం. బయట 43, 44 డిగ్రీల ఎండ, మధ్యాహ్నానికి గాలిలో తేమ అంతంత మాత్రం. కూలర్ల గడ్డి, పరుపుల్లోని దూది, ఆవరణలోని గడ్డి, రాలిన ఆకులు అన్నీ రవ్వ తగిలితే చాలు అన్నట్టు ఎండి ఉంటాయి. పైగా పొగ వస్తే చూసి అరిచే మనిషి ఆ అంతస్తులోనే ఉండడు.

వెల్డర్ కళ్ల ముందు నిప్పు అంటుకుంటే పెద్ద భయం లేదు, కాలితో తొక్కి ఆర్పేస్తాడు. భవనాలు తగలబడేది అతనికి కనపడని చోట మొదలైన నిప్పుతో. కింది అంతస్తులో, గోడ అవతల, ఫాల్స్ సీలింగ్ పైన, అదీ చాలాసార్లు పని ముగించుకుని అందరూ వెళ్లిపోయాక. షీల్డు దించుకున్నవాడికి ఆర్క్ వెలుగు తప్ప మరేమీ కనపడదు. అందుకే రవ్వ పోయే దారిని వెతికి మూసే బాధ్యత పని చేయించేవాళ్లదే.

ముందు అడగాల్సింది: ఇక్కడే వెల్డింగ్ చేయాలా?

గ్రిల్లును విప్పి వర్క్‌షాపుకో, ఆరుబయట సిమెంటు గచ్చు మీదికో తీసుకుపోయి అతికించి తేవచ్చు. రెయిలింగ్ పోస్టును బేస్ ప్లేటు, యాంకర్ బోల్టులతో బిగించవచ్చు. పాత జీఐ పైపును గ్యాస్‌తో కోయనక్కర్లేదు, హాక్సా బ్లేడుతోనో పైపు కట్టర్‌తోనో కోస్తే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. ల్యాబుల్లో, లైబ్రరీలో, రికార్డు గదుల్లో మొదట ఈ దారే చూడాలి. గ్రైండర్‌తో కోయడాన్ని మాత్రం ఈ లెక్కలో వేసుకోవద్దు. కటింగ్ వీల్ చిమ్మే రవ్వలు వెల్డింగ్ రవ్వలంత దూరమూ పోతాయి. వెల్డింగ్‌కు పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి) అడిగి గ్రైండర్‌ను వదిలేసే అలవాటు చాలాచోట్ల ఉంది. రెండింటికీ పర్మిట్ ఉండాలి.

చుట్టూ 11 మీటర్లు, ఆ కింది అంతస్తు

అమెరికా అగ్నిమాపక భద్రతా సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ 51బీ ప్రమాణం చెప్పే దూరం 35 అడుగులు, అంటే దాదాపు 11 మీటర్లు. పని జరిగే చోటు నుంచి నాలుగు వైపులా అంత మేర కాలే వస్తువేదీ ఉండకూడదు, తీయలేనిది ఉంటే కప్పాలి. మన దగ్గర ఇదే పనికి ఐఎస్ 3016 అనే భారతీయ ప్రమాణం ఉంది, కాంట్రాక్టు షరతుల్లో దాని పేరు రాయించండి. 11 మీటర్లన్నది సమతలం మీద లెక్క. మూడో అంతస్తు వరండాలో గ్యాస్ కటింగ్ చేస్తే స్లాగ్ (కరిగిన ఇనుప బొట్లు) నేరుగా కిందికి జారుతుంది, గాలి వీస్తే ఇంకా దూరం పోయి పడుతుంది. అప్పుడు కిందనున్న స్కూటర్ల స్టాండు, ఎండుగడ్డి, చెత్తకుప్ప కూడా పని స్థలంలో భాగమే.

పని మొదలుకాక ముందు పై అంతస్తు, కింది అంతస్తు, గోడ అవతలి గది మూడూ నడిచి చూడాలి. టార్చిలైటు తప్పనిసరి. వెతకాల్సింది సందుల కోసం. పైపులు, కేబుళ్లు పోవడానికి స్లాబులో వదిలిన స్లీవులు సగం ఖాళీగానే ఉంటాయి. తలుపు కింద సందు, డక్టు మూత, స్విచ్ బోర్డు వెనక గొయ్యి, పగిలిన వెంటిలేటర్, దేన్నీ వదలొద్దు. వేలు పట్టే సందులోంచి ఎర్రటి బొట్టు సులువుగా దూరిపోతుంది.

పొడవాటి బ్లాకుల్లో ఎక్స్‌పాన్షన్ జాయింట్ (వేడికి కాంక్రీటు సాగేందుకు వదిలే సందు) సంగతి వేరే చెప్పాలి. 45 మీటర్లు దాటిన కాంక్రీటు కట్టడానికి మామూలుగా ఈ జాయింటు ఇస్తారు. పైన అల్యూమినియం పట్టీయో సిమెంటు పూతో కనిపిస్తుంది కానీ లోపల ఉండేది తారులో నానిన ఫైబర్ బోర్డు, కొన్నిచోట్ల థర్మోకోల్. ఒక్క రవ్వ అందులో పడితే మంట లేకుండా లోలోపలే కాలుతూ అంతస్తు దిగుతుంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో 1996 ఏప్రిల్ 11న జరిగింది దీనికి దగ్గరిదే. టెర్మినల్ ముందున్న ఎత్తు రోడ్డు మీద ఎక్స్‌పాన్షన్ జాయింటుకు వెల్డింగ్ చేస్తుంటే కింద సీలింగ్ పైనున్న పాలిస్టైరిన్ అంటుకుంది, 17 మంది చనిపోయారు. అదే ఏడాది నవంబరులో హాంకాంగ్‌లో గార్లే బిల్డింగ్ లిఫ్టు గుంతలో వెల్డింగ్ పని నుంచి మొదలైన మంటల్లో 41 మంది పోయారు. లిఫ్టు గుంత, మెట్ల దారి, నిలువు డక్టు మూడూ పొగగొట్టంలా పనిచేస్తాయి కాబట్టి వాటి పక్కన పని అంటే ప్రతి అంతస్తులోనూ తలుపులు మూసి ఉండాలి.

హాస్టల్ గదుల్లో చూడాల్సినవి ముందు కూలర్లు. కిటికీకి ఆనించి పెట్టిన కూలర్ గడ్డి, నీళ్లు లేక వారం రోజులు ఎండాక, ఒక్క రవ్వకే అంటుకుంటుంది. కిటికీ గ్రిల్లుకు వెల్డింగ్ అయితే కూలర్‌ను అక్కడి నుంచి జరపాల్సిందే, తడిపి వదిలేస్తే చాలదు. సెలవుల్లో ఒక గదిలో గుట్టగా పేర్చే పరుపులు రెండోది. దూది పరుపులో పడ్డ రవ్వ పిడకలో నిప్పులా పైకి తెలియకుండా గంటల తరబడి రాజుకుంటుంది. ఫోము పరుపు అంటుకుంటే నిమిషాల్లో గదంతా నల్లటి విషపు పొగ. పరుపులు పెట్టిన గదికి ఆనుకుని పని ఉంటే గుట్టను వేరే చోటికి మార్చండి.

మెస్‌లో ఎల్పీజీ పైపులైను మెయిన్ వాల్వు మూసి, పొయ్యిల గొట్టాలు తీసేయాలి. పొయ్యిల మీది చిమ్నీ డక్టు లోపల ఏళ్ల తరబడి పట్టిన నూనె జిడ్డు ఉంటుంది, దాన్ని గీకి కడగకుండా డక్టుకు వెల్డింగ్ చేయనీయకండి. కెమిస్ట్రీ ల్యాబులో అసిటోన్, ఈథర్, హెక్సేన్ సీసాలను గది బయటికి తరలించడంతో పని అయిపోదు. వాటి ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకి సింకు కింది గొట్టాల్లో, మోరీ గుంతల్లో నిలుస్తుంది. సింకుల్లో నీళ్లు పోసి ట్రాపులు (సింకు కింది గొట్టం వంపులు) నింపాలి, ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిరిని బయటికి లాగే పెట్టె) డక్టును అయితే అసలు ముట్టుకోకూడదు. ల్యాబు ఇన్‌చార్జి సంతకం లేకుండా అక్కడ పని మొదలుపెట్టొద్దు.

గోడ గుండా పోయే యాంగిల్, బీము, పైపు వేడిని అవతలికి మోసుకుపోతాయి. రవ్వ పోకపోయినా అవతలి ప్లైవుడ్ అల్మరా, ఏసీ పైపు మీది నల్ల రబ్బరు తొడుగు కాలిపోవచ్చు. గోడ అవతల చేయి దగ్గరగా పెట్టి చూసే మనిషి ఒకరు కావాలి.

డీజిల్ డ్రమ్ము, జనరేటర్ ట్యాంకు, ఏం పోసి ఉంచారో తెలియని ఏ మూత డబ్బా అయినా క్యాంపస్‌లో వెల్డింగ్ చేయించొద్దు. ఖాళీదే ఎక్కువ ప్రమాదం, లోపలుండేది ఆవిరి.

కప్పడానికి ఏది పనికొస్తుంది

నీలం రంగు టార్పాలిన్ వద్దు, అది ప్లాస్టిక్, కరిగి మండుతూ కారుతుంది. ఫైబర్‌గ్లాస్ వెల్డింగ్ బ్లాంకెట్ కొనిపించండి, స్లాగ్ నేరుగా పడే చోటుకు సిలికా రకం మేలు. లేదంటే జీఐ రేకు. రేకు అంచుల కింద సందు లేకుండా ఇసుక పోయాలి. తడి గోనె సంచులు మన మేస్త్రీలకు ఇష్టం, చౌక కూడా. కానీ మే ఎండలో కాసేపట్లోనే ఎండి అవే ఇంధనమవుతాయి. వాడితే మాటిమాటికీ తడుపుతూ ఉండాలి. కరెంటు వెల్డింగ్ దగ్గర నేల తడిస్తే షాకు భయం కూడా ఉంది కాబట్టి మేము వాటిని సిఫారసు చేయం. స్లాబులోని స్లీవులను రాక్‌వుల్ (కాలని రాతి దూది) కుక్కి పైన రేకుతో మూయాలి, పేపరు ముక్కలతో కాదు. వాడేసిన రాడ్డు ముక్కలు పడేయడానికి ఇనుప డబ్బా ఒకటి వెల్డర్ పక్కనే ఉండాలి.

కరెంటు వెల్డింగ్: ఎర్త్ క్లాంపు ఎక్కడ పెట్టారు?

3.15 మి.మీ. రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు పోతుంది. హోల్డర్ నుంచి పోయిన ఆ కరెంటు ఏదో దారిలో మిషనుకు తిరిగి రావాలి. ఆ తిరుగు కేబుల్ చివరనుండే ఎర్త్ క్లాంపును దూరంగా ఏ నీళ్ల పైపుకో, కడ్డీకో, కిటికీ ఫ్రేముకో తగిలిస్తే ఆ మధ్యలోని వదులు జాయింట్లన్నీ వేడెక్కుతాయి. భవనం ఎర్తింగ్ తీగ గుండా పోతే ఆ సన్నని తీగ కాండ్యూట్ లోపలే కాలిపోతుంది, అదీ పని జరిగే చోటుకు మూడు గదుల అవతల. క్లాంపు వెల్డింగ్ చేసే ముక్కకే, గీకి మెరిసిన చోట, అతుకుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. కేబుల్ 35 చ.మి.మీ. కన్నా సన్నం కాకూడదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులుంటే ఆ కేబుల్‌ను వెనక్కి పంపండి.

హాస్టల్ గదిలోని 16 ఆంపియర్ల ప్లగ్గులో 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మిషన్ పెడితే సాకెట్ మాడిపోతుంది. ఎంసీబీలో తీగలు దోపడం అంతకన్నా అధ్వాన్నం. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి 32 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్‌తో కనెక్షన్ ఇచ్చే బాధ్యత కాలేజీ ఎలక్ట్రీషియన్‌ది.

గ్యాస్ కటింగ్

స్లాగ్ ఎక్కువ చిమ్మేది ఇదే. చిన్న ఫాబ్రికేటర్లు ఆక్సిజన్‌తో పాటు ఎల్పీజీ తెస్తారు, కొందరు ఇంటి వాడకపు 14.2 కిలోల ఎర్ర సిలిండరే తెస్తారు. అది నిబంధనలకు విరుద్ధం, గేటు దగ్గరే ఆపాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి సిలిండర్‌ను సెల్లారులో, సంపు పక్కన, లిఫ్టు గుంత దగ్గర పెట్టకూడదు. భవనం బయట నీడలో నిలబెట్టి, గొలుసుతో ట్రాలీకి కట్టి, గొట్టాలు మాత్రమే లోపలికి తీసుకుపోవడం మంచిది. అసిటిలిన్ అయితే గొట్టంలో ఒత్తిడి 1 బార్ దాటకూడదు. దాటితే గాలి కలవకపోయినా అది తనంతట తానే పేలగలదు. దాని గొట్టాల అతుకుకు రాగి ముక్క వాడితే పేలుడు గుణమున్న రాగి సమ్మేళనం తయారవుతుంది.

ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు, వాల్వుకు నూనె, గ్రీజు తగలకూడదు, జిడ్డు చేతులతో విప్పకూడదు. ఆక్సిజన్ గొట్టంతో బట్టల దుమ్ము దులుపుకోవడం కనిపిస్తే ఆ క్షణమే పని ఆపించండి, ఆ గాలి పట్టిన చొక్కా రవ్వ తగలగానే భగ్గుమంటుంది. మంట వెనక్కి సిలిండర్ వైపు పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు రెండు రెగ్యులేటర్లకూ ఉండాలి, టార్చ్ వైపు గ్యాస్‌ను వెనక్కి పోనీయని నాన్ రిటర్న్ వాల్వులు ఉండాలి. ఇవి లేని సెట్టు చవగ్గా వస్తుంది, బయటే ఉండనివ్వండి. ప్రతి ఉదయం సబ్బు నీళ్లతో జాయింట్లన్నీ చూడాలి. గొట్టం పగుళ్లు మడిచి చూస్తేనే తెలుస్తాయి.

టార్చ్ నుంచి కీచుమని చప్పుడు వచ్చి మంట లోపలికి పోతే ముందు టార్చ్ మీది ఆక్సిజన్, వెంటనే గ్యాస్, తర్వాత సిలిండర్లు రెండూ కట్టేయాలి. భోజనానికి పోయేటప్పుడు టార్చ్ నాబు తిప్పి గొట్టాలను గదిలో వదిలేయడం మామూలు. నాబు కొంచెం కారినా, తిరిగొచ్చేసరికి గదిలో గ్యాస్ నిండుతుంది. సిలిండర్ దగ్గర కట్టి, గొట్టంలో మిగిలినది బయట వదలాలి.

నిప్పు కాపలా

కాపలాకు పెట్టే మనిషికి వేరే పని ఉండకూడదు. రాడ్లు అందించే హెల్పర్ కాపలాదారు కాదు. రవ్వలు రెండు అంతస్తుల్లో పడే వీలుంటే ఇద్దరు కావాలి. అతని దగ్గర మంటలార్పే 6 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్, 9 లీటర్ల నీళ్ల సిలిండర్ లేదా రెండు బకెట్ల నీళ్లు, టార్చిలైటు, ఫోను ఉండాలి. పౌడర్ మంటను పడగొడుతుంది కానీ చల్లార్చదు, పరుపులో, చెక్కపొట్టులో నిప్పుకు నీళ్లే దిక్కు. కరెంటు పరికరాల మీద మాత్రం నీళ్లు చల్లకూడదు, అక్కడికి 4.5 కిలోల సీఓ2 సిలిండర్. గేజి ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో, పిన్ను సీలు ఉందో లేదో పొద్దున్నే చూడాలి. ఇంకో సంగతి, సెలవుల్లో మోటార్లు వేయక ఓవర్‌హెడ్ ట్యాంకులు ఖాళీగా ఉంటాయి. హోజ్ రీల్ విప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూడకుండా దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

పని ఆగాక కనీసం 60 నిమిషాలు కాపలా కదలకూడదు. పాత లెక్క 30 నిమిషాలు, ఎన్‌ఎఫ్‌పీఏ 2019లో దాన్ని గంట చేసింది. పరుపులు, కాగితాలు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు ఉన్న చోట ఆ పైన మరో మూడు గంటలపాటు అరగంటకోసారి వచ్చి చూడాలి, చూడటమే కాదు, వాసన కూడా పట్టాలి. అందుకే రవ్వలొచ్చే పని మధ్యాహ్నం మూడింటికల్లా ఆపించండి. ఆరింటిదాకా వెల్డింగ్ చేయించి, ఏడింటికి గది తాళం వాచ్‌మన్ చేతికిస్తే కాపలా కాగితం మీదే మిగులుతుంది.

పర్మిట్, డిటెక్టర్లు

పర్మిట్ ఒక రోజుకు, ఒక చోటుకు మాత్రమే. చోటు మారితే కొత్తది. గది నంబరు, పని రకం, మొదలుపెట్టే సమయం, ఆపే సమయం, కాపలా మనిషి పేరు, కాపలా ముగిసిన సమయం అందులో ఉండాలి. ఇచ్చేది వర్క్స్ సెక్షన్ ఇంజినీరు, అదీ చోటు చూశాక. ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టిన పర్మిట్‌కు విలువ లేదు.

పొగ డిటెక్టర్లు మోగుతాయని ఫైర్ అలారం ప్యానెల్ మొత్తం ఆపేయడం తరచూ జరిగే పొరపాటు. పని జరిగే జోన్ ఒక్కటే ఐసోలేట్ చేయించి (విడిగా ఆపించి), ప్యానెల్ మీద సమయం రాసిన చీటీ అంటించాలి. డిటెక్టర్లకు ఎన్ని ప్లాస్టిక్ కవర్లు తొడిగారో పర్మిట్ మీద అంకె వేసుకుంటే సాయంత్రం అన్నీ తీశారో లేదో తేలుతుంది. స్ప్రింక్లర్ల నీళ్లు కట్టేయొద్దు.

మంట కనిపిస్తే కాపలా మనిషి చేసే మొదటి పని అరవడం, రెండోది మిషన్ మెయిన్, గ్యాస్ వాల్వులు కట్టించడం, ఆ తర్వాతే మంటలార్పే సిలిండర్ పిన్ను లాగడం. ఒక సిలిండర్‌తో ఆరకపోయినా, పొగ నడుము దాకా దిగినా, తలుపు మూసి బయటికి రావాలి. 101కు గానీ 112కు గానీ ఫోన్ చేసి క్యాంపస్ పేరుతో పాటు ఏ గేటు నుంచి రావాలో, ఏ బ్లాకో, లోపల గ్యాస్ సిలిండర్లు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. సెలవుల్లో వెనక గేట్లకు తాళాలు వేసి ఉంటాయి కాబట్టి ఒక మనిషిని తాళంచెవితో ఆ గేటు దగ్గరికి పంపాలి. చిన్న మంటగా ఆరిపోయినా సీలింగ్ పలకలు విప్పి లోపల చూసేదాకా ఆ చోట పని మళ్లీ మొదలు పెట్టనీయొద్దు.